కట్టేసిన ఓడ, పాతనగరం గాలి

(విశాఖపట్నంలో జరిగిన ఒక పౌర సభలో విశ్రాంత మెరైన్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభలో ఉన్న పెద్దలకు, తోటి నగరవాసులకు, మరీ ముఖ్యంగా ఇంటి పనులు పక్కన పెట్టి జ్ఞానాపురం, కోటవీధి, మల్కాపురం నుంచి వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

నేను పుట్టి పెరిగింది పాతనగరంలో. మా డాబా ఎక్కితే ఒక పక్క డాల్ఫిన్ నోస్ కొండ, ఇంకో పక్క రేవులోని క్రేన్ల తలలు కనిపించేవి. మా అమ్మ పొద్దున్నే వాకిలి ఊడవకముందే తడిగుడ్డతో కిటికీ గూళ్ళు తుడిచేది. తుడిచిన గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, రాత్రి రేవులో ఏ సరుకు దిగిందో, ఏ సరుకు ఎక్కిందో చెప్పేది. గుడ్డ ఎర్రబడితే జపాను వెళ్ళే ఇనుప ఖనిజం, నల్లబడితే బొగ్గు, పసుపుపచ్చని పొడి అంటుకుని కళ్ళు మండితే గంధకం. పోర్టు వారు రోజూ ప్రకటించే ఓడల పట్టిక ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా ఆమె లెక్క తప్పగా నేను చూడలేదు. వేసవిలో ఒడియాలు పెట్టాలన్నా, మాగాయ ముక్కలు ఎండబెట్టాలన్నా ఆవిడ ముందు ఆకాశం వైపు కాకుండా రేవు వైపు చూసేది.

తరువాత నేను ఓడలలో ఇంజనీరుగా చేరాను. ముప్పయ్యేళ్ళకు పైగా ఇంజను గదుల్లోనే గడిపాను. ఆ పని నాకు ఒక విషయం నేర్పింది. మా అమ్మ గుడ్డకు అంటిన దుమ్ము రేవు నుంచి మన ఇళ్ళకు వచ్చేదాంట్లో కంటికి కనిపించే భాగం మాత్రమే. గుడ్డకు అంటనిది, కంటికి ఆననిది వేరే ఉంది. ఈ రోజు ప్రధానంగా దాని గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. నేను పోర్టుకు వ్యతిరేకిని కాను. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రాకతో ఈ రేవు వ్యాపారానికి తెరుచుకుంది. అప్పటి నుంచి ఈ ఊరికి అన్నం పెట్టిన వాటిలో దానిది ముందు వరుస. 1976లో వచ్చిన ఔటర్ హార్బరు, 2003 నుంచి నడుస్తున్న కంటైనరు టెర్మినల్, ఏడాదికి 8 కోట్ల టన్నులు దాటిన సరుకు, వీటి వెనుక వేలాది కళాసీల, లారీ డ్రైవర్ల, గుమాస్తాల జీవనం ఉంది. నా చదువు, నా ఉద్యోగం కూడా ఈ రేవు పెట్టిన భిక్షే. అందుకే దీన్ని మన ఇంటి సంగతిగా మాట్లాడుతున్నాను. ఇంట్లో పొయ్యి పొగ పిల్లల కళ్ళలోకి పోతుంటే పొయ్యి ఆర్పేసి పస్తు ఉండమని ఎవరూ అనరు. పొగ బయటికి పోయే దారి చూడమంటారు, మంచి పొయ్యి తెమ్మంటారు.

ఓడ పొగ అనగానే సముద్రం మీద వెళ్ళే ఓడ, దాని చిమ్నీ నుంచి వెనక్కు సాగే నల్లటి తోక మన మనసులో మెదులుతాయి. నిజానికి నడిసముద్రంలోని ఆ పొగకు దగ్గరలో పీల్చే మనిషి ఉండడు. మనకు ముఖ్యమైన పొగ ఓడ రేవులోకి వచ్చి, తాళ్ళు కట్టి, పెద్ద ఇంజను ఆపేసిన తరువాత మొదలవుతుంది. ఓడ కదలకపోయినా అందులో దీపాలు వెలగాలి, పంపులు తిరగాలి, ఇంధనం గడ్డకట్టకుండా వేడి చేయాలి, సిబ్బందికి వంట కావాలి, సొంత క్రేన్లున్న ఓడైతే అవి కూడా పనిచేయాలి. వీటన్నిటికీ కావలసిన కరెంటును ఓడ తన జనరేటర్లతోనే తయారు చేసుకుంటుంది. సరుకు ఓడకు సాధారణంగా కొన్ని వందల కిలోవాట్లు చాలు. విహార నౌకకు అనేక మెగావాట్లు కావాలి. నేను పనిచేసిన, బొగ్గు, ఖనిజం లాంటి విడి సరుకు మోసే బల్కు ఓడల్లో రేవులో ఉన్నప్పుడు రోజుకు రెండు టన్నులకు అటూ ఇటూగా ఇంధనం ఖర్చయ్యేది. ఈ జనరేటర్లు రాత్రనక పగలనక, ఓడ కట్టి ఉన్నన్నాళ్ళూ, ఊరికి కూతవేటు దూరంలో నడుస్తూనే ఉంటాయి.

ఆ రెండు టన్నుల లెక్క ఒకసారి చేసి చూద్దాం. మీలో చాలామంది పిల్లలకు ఇంటి దగ్గర లెక్కలు చెప్పేవారే కాబట్టి ఇది కష్టమేమీ కాదు. ఇంధనంలో ఉన్న గంధకం కాలినప్పుడు దాని బరువుకు రెట్టింపు బరువున్న సల్ఫర్ డయాక్సైడ్ తయారవుతుంది. 2020కి ముందు ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం దాకా ఉండవచ్చు. అంటే రెండు టన్నులలో 70 కిలోలు, దాని నుంచి రోజుకు 140 కిలోల విషవాయువు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020 జనవరి 1 నుంచి ఆ పరిమితిని 0.5 శాతానికి దించింది. ఇప్పుడు అదే ఓడ నుంచి రోజుకు 20 కిలోలు వస్తుంది. ఇది పెద్ద మేలే, కాదనను. కానీ మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బంకుల్లో అమ్ముతున్న బీఎస్ 6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకు పది పాళ్ళే. రెండు టన్నుల ఆ డీజిల్ కాల్చితే వచ్చేది 40 గ్రాములు. మన వీధిలో ఆటో నడిపే అబ్బాయికి పెట్టిన నియమానికీ, అదే వీధి చివర కట్టిన ఓడకు పెట్టిన నియమానికీ మధ్య ఐదు వందల రెట్ల తేడా ఉంది. ఐరోపా సమాఖ్య రేవుల్లో కట్టి ఉన్న ఓడ 0.1 శాతానికి మించని ఇంధనమే వాడాలన్న నియమం 2010 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారమైతే మన లెక్కలోని ఓడ నుంచి రోజుకు 4 కిలోలే వస్తుంది. ఓడ అదే, ఇంజను అదే, మారాల్సింది ఇంధనమే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను థర్డ్ ఇంజనీరుగా ఉన్న రోజుల్లో, జనరేటర్లన్నీ నా బాధ్యతలో ఉండగా, మా ఓడ ఒకసారి విశాఖ లోపలి హార్బరులో తొమ్మిది రోజులు కట్టి ఉంది. రాత్రిపూట సరుకు పని ఆగినప్పుడు ఒక జనరేటరు సరిపోతుంది. కానీ ఎక్కడ కరెంటు పోతుందో, ఎక్కడ పైవాళ్ళతో మాట పడాల్సి వస్తుందో అని నేను రెండూ నడిపేవాణ్ణి. రెండు ఇంజన్లు సగం బరువు కూడా లేకుండా నడిస్తే ఇంధనం సరిగ్గా కాలక మసి ఎక్కువ వస్తుందని పుస్తకంలో చదివే ఉన్నాను. పగలు క్రేను బరువెత్తిన ప్రతిసారీ చిమ్నీ నుంచి నల్లటి ముద్ద ఒకటి లేచి, గాలికి పక్కకు వాలి, ఊరి వైపు సాగేది. తొమ్మిదో రోజు సాయంత్రం సెలవు దొరికి ఇంటికి వెళ్ళాను. అమ్మ దగ్గుతూ తలుపు తీసింది. నాలుగైదు రోజులుగా రాత్రుళ్ళు ఊపిరి ఆడటం లేదని, ఏ ఓడో తెలియడం లేదని, గుడ్డకేమీ అంటడం లేదని చెప్పింది. ఆ దగ్గుకు నా ఓడే కారణమని నేను రుజువు చేయలేను. కానీ పైరగాలి వీచే ఆ వేసవి రాత్రుళ్ళలో నేను నడిపిన జనరేటరు పొగ మా డాబా మీదుగానే పోయిందన్నది మాత్రం దిక్సూచి పట్టుకుని చెప్పగలను.

మన ఊరి నేల తీరు ఈ కష్టాన్ని పెంచుతుంది. దక్షిణాన యారాడ కొండలు, ఉత్తరాన సింహాచలం కొండలు, మధ్యలో గిన్నె అడుగులా రేవు, దాని చుట్టూ పరిశ్రమలు, వాటి మధ్య ఇళ్ళు. పగలు సముద్రం నుంచి వచ్చే గాలి రేవు మీది దుమ్మునూ పొగనూ లోపలి పేటల వైపు తోస్తుంది. రాత్రి నేల చల్లబడి గాలి తిరుగుతుంది. చలికాలం రాత్రుళ్ళలో నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది కాబట్టి, పైకి పోవలసిన పొగ గిన్నెలోనే నిలిచిపోతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున జ్ఞానాపురం వంతెన మీద నిలబడి పడమటి వైపు చూసినవారికి ఈ మూత కంటికే కనిపిస్తుంది. బల్లపరుపు నేల మీద ఉన్న రేవుకు సరిపోయే నియమాలు మనకు సరిపోవని చెప్పడానికి ఇదొక్కటే చాలు.

ఇక దుమ్ము సంగతి. బొగ్గు దింపడం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? క్రేనుకు వేలాడే గ్రాబ్ ఓడ అరలోకి దిగి, రెండు దవడలతో టన్నుల కొద్దీ బొగ్గు కరచుకుని పైకి వస్తుంది. దవడల అంచున ఒక పెద్ద గడ్డ ఇరుక్కుంటే అవి పూర్తిగా మూసుకోవు. ఆ సందులోంచి ఓడ నుంచి ఒడ్డు దాకా బొగ్గు సన్నటి ధారగా కారుతూనే ఉంటుంది. ఒడ్డున హాపరు అనే పెద్ద గరాటు మీదికి వచ్చాక, తొందరలో ఉన్న ఆపరేటరు గ్రాబ్‌ను నిండా దించకుండానే రెండు మనుషుల ఎత్తు నుంచి తెరిచేస్తాడు. అంత ఎత్తు నుంచి పడిన బొగ్గు హాపరులోని గాలిని ఒక్కసారిగా బయటికి తన్నుతుంది. ఆ గాలితో పాటు లేచిన నల్లటి మేఘం క్రేను కాళ్ళను కప్పేసి, కాసేపటికి పలచబడి, ఎటు గాలి ఉంటే అటు కదులుతుంది. గ్రాబ్‌ను హాపరు అంచుకు దించి తెరిస్తే ఒక్కో విడతకు కొన్ని క్షణాలు ఎక్కువ పడుతుంది. ఆ కొన్ని క్షణాల ఆదా కోసమే మన కిటికీ గూళ్ళు నల్లబడుతున్నాయి. ఇందులో ఆపరేటరు తప్పు నాకు కనిపించదు. గంటకు ఇన్ని టన్నులు దింపాలని లెక్క పెట్టి, దుమ్ముకు మాత్రం ఏ లెక్కా పెట్టని ఒప్పందంలోనే ఆ తప్పు ఉంది.

అక్కడి నుంచి బొగ్గు టిప్పర్లలో యార్డుకు పోతుంది, గుట్టగా పడుతుంది, మళ్ళీ పేలోడరు దాన్ని ఎత్తి వ్యాగన్లలో పోస్తుంది. ఎత్తిన ప్రతిచోటా, పోసిన ప్రతిచోటా దుమ్మే. కప్పు ఉన్న కన్వేయరు మీద ఓడ నుంచి నేరుగా మూసిన షెడ్డులోకి చేర్చితే ఈ ఎత్తిపోతల్లో సగానికి పైగా తప్పుతాయి. మన రేవులో యాంత్రీకరణ, మూసిన గోదాములు, నీటి తుంపర యంత్రాలు ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చాయి. ఆ పని చేసినవారిని అభినందించాలి. అయితే నీళ్ళు చల్లడం గురించి ఒక మాట. మధ్యాహ్నం ఎండకు గుట్ట పైపొర అరగంటలో ఆరిపోతుంది. గంటకోసారి చల్లామని రిజిస్టరులో రాసుకుంటే దుమ్ము ఆగదు. గాలి వేగం, గుట్ట తడి చూసి చల్లాలి, గాలి ఒక హద్దు దాటితే ఎత్తిపోత ఆపేయాలి. చెట్ల సంగతి కూడా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఒక్క పూటలో మన పచ్చదనాన్ని ఎలా పడగొట్టిందో మనమంతా చూశాం. చెట్లు నాటాలి, నాటుతూనే ఉండాలి, కానీ చెట్టును గోడగా నమ్ముకుని గుట్టను తెరిచి ఉంచకూడదు.

ఈ దుమ్ములో పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. దగ్గు, కళ్ళ మంట, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం వీటి వల్ల వస్తాయి. ఓడ జనరేటరు, లారీ ఇంజను వదిలే మసి రేణువు తీరు వేరు. మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని ఆ రేణువు ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తి దాకా వెళ్తుంది. మరీ సన్నటివి రక్తంలోకి కూడా చేరతాయి. ఓడ వదిలిన సల్ఫర్ డయాక్సైడ్ కూడా గాలిలో మారి ఇలాంటి సన్నటి రేణువులే అవుతుంది. గుండెపోటు, పక్షవాతం, పిల్లల ఊపిరితిత్తులు సరిగ్గా ఎదగకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం, వీటన్నిటికీ ఈ సన్నటి రేణువులతో సంబంధం ఉందని ప్రపంచమంతటా వైద్యులు తేల్చారు. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. మన జాతీయ ప్రమాణం ప్రకారం ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఈ సన్నటి రేణువులు 40 మైక్రోగ్రాముల దాకా ఉండవచ్చు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 5. కాబట్టి 40కి లోబడి ఉన్నామని ఎవరైనా చెబితే అది చట్టానికి సరిపోతుంది, ఊపిరితిత్తికి సరిపోదు. విశాఖ జాతీయ గాలి నాణ్యత ప్రమాణాలను కూడా అందుకోలేని నగరాల జాబితాలో ఉందనే 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో చేరింది.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో విషవాయువు లీకై పన్నెండు మంది చనిపోయినప్పుడు నగరమంతా నిద్ర లేచింది. ఒక్క రాత్రిలో వచ్చిన చావు అందరికీ కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళపాటు రాత్రికి ఇంత చొప్పున వచ్చే నష్టానికి తేదీ ఉండదు. అది మన పెద్దాసుపత్రి కేజీహెచ్ ఓపీ చీటీలలో ఒకరికి ఆయాసంగా, ఒకరికి గుండెనొప్పిగా చెదిరిపోయి ఉంటుంది.

లారీల మాటకు వస్తాను. కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ వెళ్ళే పోర్టు రోడ్డు పక్కన కాపురం ఉన్నవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. గేటు దగ్గర వరుసలో నిలిచిన లారీ ఇంజను ఆపకుండా గంటల తరబడి గుర్రుమంటుంటే, దాని పొగ గొట్టం సరిగ్గా బడికి నడిచి వెళ్ళే పిల్లవాడి ముఖం ఎత్తులో ఉంటుంది. ఓడ చిమ్నీకి కనీసం ఎత్తైనా ఉంది. డ్రైవరుకు గంట ముందే ఫోనులో సమయం చెప్పి, ఆ సమయానికే గేటు తీసే పద్ధతి పెడితే ఆ వరుసే ఉండదు. డ్రైవరుకూ డీజిల్ మిగులుతుంది, నిద్ర మిగులుతుంది. బరకం సరిగ్గా కట్టని, చక్రాలు కడగని బొగ్గు లారీని గేటు దాటనివ్వకపోవడం రేవు చేతిలో ఉన్న పని. సరుకులో వీలైనంత రైలు మీద పంపడం కూడా అంతే.

ఇదంతా జరిగే పనేనా అని అడిగేవారికి లాస్ ఏంజలెస్ రేవు సంగతి చెబుతాను. దాని పక్కనే శాన్ పెడ్రో, విల్మింగ్టన్ అనే పేటలున్నాయి. మన జ్ఞానాపురం, మల్కాపురంలాగే అవి కూడా కష్టజీవుల పేటలు. కొత్త కంటైనరు టెర్మినల్ కడుతున్నప్పుడు, దాని వల్ల ఎంత పొగ వస్తుందో సరిగ్గా లెక్క కట్టలేదని 2001లో అక్కడి నివాసులు, పర్యావరణ సంఘాలు కోర్టుకు వెళ్ళారు. కోర్టు పని ఆపింది. రాజీ కుదిరింది. ఆ రాజీ ఫలితంగా 2004లో ఆ టెర్మినల్‌లో కట్టిన ఓడలకు ఒడ్డు నుంచి కరెంటు ఇవ్వడం మొదలైంది. 2006లో లాస్ ఏంజలెస్, లాంగ్ బీచ్ రేవులు రెండూ కలిసి గాలి శుద్ధికి ఒక ప్రణాళిక రాసుకున్నాయి. 2008 నుంచి పాత లారీలను దశలవారీగా గేటు దగ్గరే ఆపేశాయి. 2005తో పోల్చితే లాస్ ఏంజలెస్ రేవు వదిలే డీజిల్ మసి 80 శాతానికి పైగా తగ్గింది. ఆ కాలంలో అక్కడ వ్యాపారం తగ్గలేదు, పెరిగింది. ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది యంత్రాలు కావు. ఎంత పొగ, ఏ యంత్రం నుంచి, ఏ ఏడాదిలో వచ్చిందో ఆ రేవే ఏటా లెక్క కట్టి అందరి ముందూ పెడుతుంది. లెక్క బయటపెట్టినవాడికి తగ్గించక తప్పదు.

ఒడ్డు కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇది నా వృత్తి విషయం. ఓడ కట్టగానే ఒడ్డు నుంచి మందపాటి కేబులు ఓడకు తగిలించి, ఓడ జనరేటర్లు ఆపేస్తారు. వినడానికి సులువే. కానీ మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌లో వస్తుంది, సముద్రం మీది చాలా ఓడలు 60 హెర్ట్జ్‌లో నడుస్తాయి. మధ్యలో ఈ పౌనఃపున్యాన్ని, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కను, మార్చే పరికరం కావాలి, అది ఖరీదైనది. ఓడలో కూడా దానికి తగిన ఏర్పాటు ఉండాలి. 2012లో దీనికి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది కాబట్టి ఏ రేవు ప్లగ్గు ఏ ఓడకు సరిపోతుందనే తగాదా చాలావరకు తీరింది. రేవు పెట్టుబడి పెట్టడానికి ఓడలు లేవంటుంది, ఓడ యజమాని ఏర్పాటు చేసుకోవడానికి రేవుల్లో ప్లగ్గు లేదంటాడు. ఎవరో ఒకరు ముందు అడుగు వేయాలి. తరచూ వచ్చే కంటైనరు ఓడలను కట్టే చోటు, అంటే వాటి బెర్తు, 2023లో ప్రారంభమైన క్రూయిజ్ టెర్మినల్, ఈ రెండింటితో మొదలుపెట్టడం తెలివైన పని అని నా అభిప్రాయం. విహార నౌక ఒక్కటే అనేక సరుకు ఓడలంత కరెంటు తాగుతుంది, పైగా అది నిలబడేది పాతనగరం ముంగిటే.

ఇందులో ఒక అభ్యంతరాన్ని దాచిపెట్టలేను. ఒడ్డు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? మన ప్రాంతంలో పరవాడ దగ్గరి 2000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం లాంటివి బొగ్గుతోనే నడుస్తాయి. పాతనగరం పొగను పరవాడకు పంపి మనం హాయిగా ఊపిరి పీల్చుకోవడం న్యాయం కాదు. ఎత్తైన చిమ్నీ, బూడిద పట్టే యంత్రాలు ఉన్న కేంద్రంలో కాల్చడం, ఇళ్ళ మధ్య ఓడలో కాల్చడం కంటే మెరుగే. అయినా అసలు పరిష్కారం సౌర, పవన విద్యుత్తే. పోర్టుకు సొంతంగా 10 మెగావాట్ల సౌర కేంద్రం ఉంది కాబట్టి ఈ దారి వారికి కొత్త కాదు.

చెన్నై అనుభవం కూడా ఇదే హెచ్చరిక చేస్తుంది. నివాసుల మొర విని మద్రాసు హైకోర్టు 2011లో చెన్నై రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దింపడం, ఎక్కించడం ఆపించింది. రాయపురం వైపు ఇళ్ళకు ఊరట దక్కింది. ఆ సరుకు మాయం కాలేదు, ఎన్నూరు వంటి ఇతర రేవులకు వెళ్ళింది. అక్కడా జాలరి కుటుంబాలే ఉన్నాయి. రేపు మన బొగ్గును పక్కనున్న గంగవరం రేవు వైపు నెట్టి ఇక్కడ గెలిచామనుకుంటే, అక్కడి తల్లి మన ముఖం చూసి ఏమడుగుతుంది?

అందువల్ల నేను అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఓడ కట్టి ఉండే గంటలు తగ్గించమని. ఇందులో పోర్టుకు, ఓడ యజమానికి, మనకు మధ్య తగాదా లేదు. మూడు రోజుల్లో అయ్యే దింపుడు ఐదు రోజులు పడితే ఓడకు అద్దె నష్టం, పోర్టుకు బెర్తు నష్టం, మనకు రెండు రోజుల పొగ. కాగితాలు ఓడ రాకముందే పూర్తి చేయడం, సరుకు ఎక్కించే వ్యాగన్ల రైలును సమయానికి సిద్ధంగా ఉంచడం, ఓడ క్రేన్లకు బదులు ఒడ్డున కరెంటుతో నడిచే క్రేన్లు వాడటం, బెర్తు ఖాళీ అయ్యే వేళకే చేరేలా ఓడను సముద్రంలో మెల్లగా రమ్మనడం, ఇవన్నీ ఆరోగ్య చర్యలే. 2021లో లాస్ ఏంజలెస్ ముందు ఓడలు బారులు తీరి లంగరు వేసుకుని నిలిచిపోయిన ఏడాది, అన్ని ఏర్పాట్లు ఉన్నా అక్కడి పొగ మళ్ళీ పెరిగింది.

కొన్ని ఓడలు పాత ఇంధనమే కాలుస్తూ, చిమ్నీలో నీళ్ళతో పొగను కడిగే స్క్రబ్బర్లు పెట్టుకున్నాయి. వాటిలో ఒక రకం, కడిగిన ఆమ్లపు నీటిని నేరుగా రేవు నీటిలోకి వదులుతుంది. సింగపూరు 2020 జనవరి నుంచి దీన్ని తన రేవులో నిషేధించింది. చేపల రేవు పక్కనే ఉన్న మన హార్బరులో, అలలు తక్కువై నీరు నిలిచే చోట దాన్ని అనుమతించకూడదు. గాలిలోది తీసి నీటిలో పోయడం శుద్ధి అనిపించుకోదు.

కేంద్రం 2023 మే నెలలో హరిత సాగర్ పేరుతో ఓడరేవులకు మార్గదర్శకాలు ఇచ్చింది. టన్ను సరుకుకు వెలువడే కార్బన్‌ను 2030 నాటికి 30 శాతం, 2047 నాటికి 70 శాతం తగ్గించాలన్నది అందులోని లక్ష్యం. మంచిదే. కానీ టన్నుకు లెక్క కడితే, సరుకు రెట్టింపైనప్పుడు టన్ను వాటా 30 శాతం తగ్గినా మొత్తం పెరుగుతుంది. మన ఊపిరితిత్తులకు తెలిసేది మొత్తమే. పైగా కార్బన్ లెక్కలో గంధకం, మసి, బొగ్గు దుమ్ము కనిపించవు. ఓడలను రేవులోకి లాగి తెచ్చే డీజిల్ టగ్గులను హరిత టగ్గులుగా మార్చే కార్యక్రమం మొదటి దశకు ఎంచుకున్న నాలుగు రేవుల్లో పరాదీప్, తూత్తుకుడి ఉన్నాయి, విశాఖ లేదు. రోజంతా ఇళ్ళ ఎదుటే తిరిగే టగ్గుల విషయంలో వరుసలో మన వంతు కోసం ఎదురుచూడనవసరం లేదని పోర్టు పాలకవర్గానికి సవినయంగా మనవి చేస్తున్నాను.

చివరిగా కొలత. ఫోనులో మనం చూసే విశాఖ గాలి నాణ్యత అంకె చాలా ఏళ్ళపాటు నగరపాలక సంస్థ జీవీఎంసీ ప్రాంగణం దగ్గరి కేంద్రం నుంచి వచ్చింది. పైగా అది ఇరవై నాలుగు గంటల సగటు. రాత్రి రెండు గంటలకు గాలి తిరిగి కోటవీధిలో పొగ నిలిచిన ఆ మూడు గంటలు ఆ సగటులో కరిగిపోతాయి. కోటవీధి, జ్ఞానాపురం, మల్కాపురం, శ్రీహరిపురం, వీటిలో ఒక్కో చోట బడి పైకప్పు మీద ఒక్కో కొలమానం పెట్టాలి. గంట గంటకూ అంకె బయటికి రావాలి, ఆ పక్కనే ఆ గంటలో ఏ బెర్తులో ఏ ఓడ, ఏ సరుకు ఉందో కూడా కనిపించాలి. ఓడల పట్టిక పోర్టు ఎలాగూ ప్రకటిస్తూనే ఉంది. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టమనే మనం అడుగుతున్నాం. కేజీహెచ్, ఛాతీ ఆసుపత్రి ఓపీ నమోదులను పేర్లు లేకుండా, పేటలవారీగా ఆ లెక్కకు చేర్చే పనిని మన విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల విద్యార్థులు చేపట్టగలరు. ఓడ లాగ్ పుస్తకం చదవడం, జనరేటరు గంటల నుంచి పొగ లెక్క కట్టడం నేర్పడానికి వారానికి రెండు సాయంత్రాలు నేను వస్తాను.

మా అమ్మ వాడిన ఆ గుడ్డల్లో ఒకటి నా దగ్గర ఉంది, ఇక్కడికి తెచ్చాను. ఎన్నిసార్లు ఉతికినా మధ్యలో ఆ బూడిద రంగు పోలేదు. వెనుక వరుస దాకా చేతులు మారుస్తూ చూడండి. ఈలోగా ప్రశ్నలు తీసుకుందాం. ముందు జ్ఞానాపురం నుంచి వచ్చిన ఆ అమ్మకు మైకు ఇవ్వండి, ఆవిడ ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నారు.